మంత్రి పేషీ నుంచి వీసీ ఛాంబర్ దాకా

(మలేషియాలోని బంటింగ్‌లో జరిగిన తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆదివారం పూట, అదీ భోజనాలకు ముందు, యూనివర్సిటీల పాలన గురించి మాట్లాడతానంటే వినడానికి ఇంతమంది వచ్చారు. ముందుగా అందుకు కృతజ్ఞతలు. ఈ హాల్లో కొంతమంది నాలాగా సైబర్‌జయలోనో, కౌలాలంపూర్‌లోనో కంప్యూటర్ ముందు కూర్చుని బతుకుతున్నవాళ్లు. మరికొంతమంది ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి తోట పనికి వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు. బంటింగ్ చుట్టూ ఇప్పటికీ పామాయిల్ తోటలే కనిపిస్తాయి. తోటలోని లైన్ ఇళ్ల నుంచి డాక్టరో, లాయరో, ఇంజనీరో అయి బయటికి వచ్చినవాళ్లకైనా, పల్లెటూరి నుంచి విమానమెక్కి ఇక్కడికి వచ్చిన మాకైనా దారి ఒక్కటే. అది చదువు. అందుకే ఆ చదువు చెప్పే చోట ఏం జరుగుతోందో పట్టించుకునే బాధ్యత మనందరికీ ఉందని నా నమ్మకం.

ఈ రోజు విషయం: ప్రభుత్వంలో రాజకీయ నియామకాలు ఒక విశ్వవిద్యాలయాన్ని ఎలా దెబ్బతీస్తాయి? "రాజకీయాలు యూనివర్సిటీల్ని పాడుచేశాయి" అని మనమంతా అనుకుంటూనే ఉంటాం. అది టీ తాగుతూ అనుకునే మాట. ఎలా పాడుచేశాయి, ఏ తలుపులోంచి లోపలికి వచ్చాయి అని చూస్తే తప్ప ఆ తలుపు మూయడం ఎలాగో తెలియదు.

పేషీ అంటే ఏమిటి?

ఎవరైనా మంత్రి కాగానే ముందు తయారయ్యేది పేషీ. ప్రైవేట్ సెక్రటరీ, ఓఎస్‌డీలు, పీఏలు, పీఆర్వో. ముఖ్యమంత్రి అయితే వీళ్లకు తోడు సలహాదారులు. ఇందులో తప్పేమీ లేదు. ప్రజలు ఎన్నుకున్న మనిషికి తను నమ్మేవాళ్లు నలుగురు పక్కన ఉండాలి. అన్ని ప్రజాస్వామ్య దేశాల్లోనూ ఈ ఏర్పాటు ఉంది. ఇక్కడ మలేషియాలో కూడా ప్రతి మంత్రికీ పొలిటికల్ సెక్రటరీ ఉంటారు.

ఈ కొలువులకు రెండు లక్షణాలున్నాయి. ఒకటి, వీళ్ల జవాబుదారీతనం మంత్రికే. రెండు, మంత్రి పోతే వీళ్లూ పోతారు. పేషీకి ఈ రెండూ సరిపోతాయి. యూనివర్సిటీకి మాత్రం ఈ రెండూ విషమే. యూనివర్సిటీలో ఒక పీహెచ్‌డీకి నాలుగైదేళ్లు పడుతుంది. ఒక కొత్త డిపార్ట్‌మెంట్ నిలదొక్కుకోవడానికి పదేళ్లు పడుతుంది. ప్రభుత్వానికి ఐదేళ్లకోసారి ఎన్నికలు. పేషీ లక్షణాలున్న నియామకాలు యూనివర్సిటీలోకి వచ్చిన రోజున, ఐదేళ్ల గడియారం తెచ్చి పదేళ్ల పని మీద పెట్టినట్టు అవుతుంది.

నాకు తెలిసినంతవరకు ఇవి మూడు దారుల్లో వస్తాయి. మొదటిది, ప్రభుత్వం తన మనుషుల్ని యూనివర్సిటీ పదవుల్లో కూర్చోబెట్టడం. రెండోది, ఎవరినీ కూర్చోబెట్టకుండా కుర్చీ ఖాళీగా ఉంచి సచివాలయం నుంచే నడపడం. మూడోది, యూనివర్సిటీలోని ప్రొఫెసర్లను పేషీలకు, సలహాదారు పదవులకు తీసుకెళ్లడం. ఒక్కొక్కటే చూద్దాం.

ఒక వీసీ కోసం ఒక చట్టం

మొదటి దారి కొత్తది కాదు. మన రాష్ట్రంలోనే అరవై ఏళ్ల నాటి కేసుంది. లా చదివినవాళ్లకు తప్ప ఈ తరంలో చాలామందికి తెలియదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 1957 నుంచి డాక్టర్ డి.ఎస్. రెడ్డి వైస్ ఛాన్సలర్. 1964లో ఆయన్ని మరో ఐదేళ్లకు నియమించారు. అప్పటి ఉస్మానియా చట్టం ప్రకారం వీసీని తీసేయాలంటే దుష్ప్రవర్తనో, అసమర్థతో రుజువు కావాలి. ఆ విచారణ కూడా హైకోర్టు లేదా సుప్రీంకోర్టు జడ్జిగా ఉన్నవారో, పనిచేసినవారో చేయాలి. అంటే చట్టం ఆ కుర్చీకి గట్టి రక్షణే ఇచ్చింది.

కాసు బ్రహ్మానందరెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజులవి. ప్రభుత్వం ఆ చట్టాన్ని సవరించింది. వీసీ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. యూనివర్సిటీకి విధాన విషయాల్లో సూచనలిచ్చే అధికారం తెచ్చుకుంది. అప్పటికి పదవిలో ఉన్న వీసీ ఇంకా కొనసాగుతూనే ఉన్నారు కాబట్టి, 1966లో రెండో సవరణ తెచ్చి 13-ఏ అనే సెక్షన్ చేర్చింది. దాని సారాంశం ఇది: ఇప్పుడు పదవిలో ఉన్న వీసీ, తొంభై రోజుల్లోగా కొత్త వీసీని నియమించేదాకా మాత్రమే ఉంటారు. విచారణ లేదు, ఆరోపణ లేదు. ఒక్క మనిషిని ఇంటికి పంపడానికి శాసనసభ ఒక సెక్షన్ రాసింది.

ఆయన హైకోర్టుకు వెళ్లారు, అక్కడ ఓడిపోయారు. సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1967లో సుప్రీంకోర్టు 13-ఏ చెల్లదని కొట్టేసింది. రాబోయే వీసీలందరికీ విచారణ అనే రక్షణ ఉండి, ఈ ఒక్క వీసీకి లేకపోవడం రాజ్యాంగం 14వ అధికరణం చెప్పే సమానత్వానికి విరుద్ధమని తేల్చింది. ఆయన గెలిచారు.

గెలిచింది ఏమిటో జాగ్రత్తగా గమనించండి. ఒక మనిషిని వేరుచేసి వేటు వేయకూడదని మాత్రమే కోర్టు అంది. ప్రభుత్వాలు నేర్చుకున్న పాఠం వేరు. కూర్చున్నవాణ్ని లేపడం కష్టం, కాబట్టి కూర్చోబెట్టేటప్పుడే మనవాణ్ని చూసుకుంటే సరిపోతుంది.

అలా చూసుకోవడం ఎంత తేలికో చెబుతాను. 1991 విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం ముగ్గురు సభ్యుల సెర్చ్ కమిటీ మూడు పేర్లు సూచిస్తుంది. కమిటీలో యూజీసీ ప్రతినిధి ఒకరు, ప్రభుత్వ ప్రతినిధి ఒకరు, యూనివర్సిటీ పాలకమండలి ప్రతినిధి ఒకరు. కాగితం మీద చూడముచ్చటగా ఉంది. ఆ పాలకమండలిలో ఎవరుంటారో చూడండి. ప్రభుత్వం నామినేట్ చేసినవాళ్లు, హోదారీత్యా వచ్చే ప్రభుత్వ అధికారులు. అంటే ముగ్గురిలో ఇద్దరి వెనుక ఉన్నది ఒకే చెయ్యి. ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. రెండు వేర్వేరు చెకింగులు పెట్టామనుకుంటాం, రెండూ ఒకే ఫంక్షన్‌ను పిలుస్తుంటాయి.

రాజకీయ నాయకుడు వీసీ కాకూడదా?

ఇక్కడొక అపోహ తొలగించాలి. రాజకీయాల్లో ఉన్నవాళ్లంతా యూనివర్సిటీకి పనికిరారని నేను అనడం లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1926లో మొదటి వీసీ కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆయన నూటికి నూరుపాళ్లూ రాజకీయ నాయకుడు. మద్రాసు శాసనమండలిలో మంత్రివర్గాన్ని నిలదీసిన సభ్యుడు. అలాంటి మనిషి 1930లో, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో బ్రిటిష్ ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా వీసీ పదవికి రాజీనామా చేశారు. ఆ తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చారు. 1936లో మళ్లీ రెడ్డి గారే వచ్చి 1949 దాకా ఉన్నారు.

కాబట్టి పార్టీ నేపథ్యం ఒక్కటే కొలమానం కాదు. తనను కూర్చోబెట్టిన ప్రభుత్వానికి "కాదు" అని చెప్పగలడా లేదా అన్నదే కొలమానం. ఆ "కాదు" చెప్పగల పరిస్థితి చట్టంలో ఉందా లేదా అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. ప్రతిసారీ ఒక కట్టమంచి దొరుకుతాడని నమ్ముకుని సంస్థను నడపలేం కదా.

ఖాళీ కుర్చీ

ఇక రెండో దారి. నా దృష్టిలో ఇది మొదటిదానికన్నా ప్రమాదం. ఎందుకంటే ఇందులో ఎవరినీ వేలెత్తి చూపలేం.

తెలంగాణలో 2019 మధ్యలో చాలా యూనివర్సిటీల వీసీల పదవీకాలం ముగిసింది. కొత్తవాళ్లను నియమించింది 2021 మే నెలలో. మధ్యలో దాదాపు రెండేళ్లు ఐఏఎస్ అధికారులే ఇన్‌ఛార్జి వీసీలు. ఆ వీసీల మూడేళ్లు 2024 మేలో ముగిశాయి. పార్టీ మారింది, ప్రభుత్వం మారింది, పద్ధతి మాత్రం మారలేదు. మళ్లీ ఇన్‌ఛార్జులే. అక్టోబరులో గాని కొత్తవాళ్లు రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే పదిమందికి పైగా వీసీలు కొద్దిరోజుల తేడాతో రాజీనామాలు చేశారు. వాళ్లు రాజకీయ నియామకాలు కాబట్టి వెళ్లిపోయారని ఒక పక్షం, బలవంతంగా వెళ్లగొట్టారని ఇంకో పక్షం. 2025 ఫిబ్రవరిలో తొమ్మిది యూనివర్సిటీలకు కొత్త వీసీలు వచ్చారు. ఎవరి మాట నిజమైనా నష్టపోయింది ఎవరో ఒకసారి ఆలోచించండి. పాలక పార్టీ మారితే వీసీలు మారతారన్నది మామూలు విషయమైపోతే, ఆ పదవి పేషీ ఉద్యోగంతో సమానమైపోయినట్టే.

ఇన్‌ఛార్జి ఉన్నారు కదా, నష్టమేమిటి అనవచ్చు. వీసీ చేసే పనులేమిటో చూడండి. ప్రొఫెసర్ల సెలక్షన్ కమిటీకి అధ్యక్షుడు వీసీ. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాన్ని పరీక్షకులకు పంపాలంటే వీసీ ఆమోదం. డిగ్రీ పట్టా మీద వీసీ సంతకం. కేంద్రం నుంచి వచ్చే గ్రాంటుకు ప్రతిపాదన పంపాలన్నా, పరిశ్రమతో ఒప్పందం చేసుకోవాలన్నా వీసీయే. ఇన్‌ఛార్జి ఐఏఎస్ అధికారికి తన శాఖ పని ఎలాగూ ఉంటుంది. యూనివర్సిటీ ఫైళ్లు సాయంత్రం చూసే అదనపు పని. ఆయన ఎంత నిజాయితీపరుడైనా, రేపు ఎవరో వస్తారు, వాళ్లే చూసుకుంటారులే అని పెద్ద నిర్ణయాలన్నీ పక్కన పెడతాడు. అది మానవ సహజం. పర్మనెంట్ అధ్యాపకుల నియామకాలు ఏళ్ల తరబడి ఆగి, కాంట్రాక్టు అధ్యాపకులతో, గెస్ట్ ఫ్యాకల్టీతో తరగతులు నెట్టుకురావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

నా అనుభవం చిన్నదే అయినా చెబుతాను. నేను చదివిన యూనివర్సిటీ పేరు ఇక్కడ అనవసరం. నేను ఎంటెక్ పూర్తిచేసిన ఏడాది అక్కడ రెగ్యులర్ వీసీ లేరు. స్నాతకోత్సవం జరగలేదు. విదేశంలో ఉద్యోగం వచ్చింది, వీసా కాగితాలకు ఒరిజినల్ పట్టా కావాలన్నారు. నా దగ్గరున్నది ప్రొవిజనల్ సర్టిఫికెట్. పరీక్షల విభాగం చుట్టూ మా నాన్నగారు ఎన్నిసార్లు తిరిగారో లెక్కలేదు. అక్కడి గుమస్తా పాపం మంచివాడే. "నేనేం చేయనండీ, సంతకం పెట్టేవాళ్లు లేరు" అనేవాడట. నాకు నాలుగు నెలలు ఆలస్యమైంది, అంతే. నాతో చదివిన ఒకతనికి ఉద్యోగమే పోయింది.

నా కష్టం చాలా చిన్నది. పెద్ద కష్టం బాసర పిల్లలది. నిర్మల్ జిల్లా బాసరలోని రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, మనమంతా ట్రిపుల్ ఐటీ అని పిలిచేది, 2008లో మొదలైంది. పల్లెల్లో ప్రభుత్వ బడుల్లో పదో తరగతిలో బాగా చదివిన పిల్లల కోసం పెట్టింది. అక్కడ ఏళ్ల తరబడి రెగ్యులర్ వీసీ లేరు. 2022 జూన్‌లో వేలమంది విద్యార్థులు ఎండలో, వానలో గొడుగులు పట్టుకుని దాదాపు వారం రోజులు క్యాంపస్‌లో కూర్చున్నారు. వాళ్ల పన్నెండు కోరికల్లో ఒకటి ఏమిటో తెలుసా? మాకు రెగ్యులర్ వీసీని ఇవ్వండి అని. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు! మంచి భోజనం, టీచర్లు, లాప్‌టాప్‌లు అడగడం అర్థమవుతుంది. ఆ వయసు పిల్లలకు వీసీతో ఏం పని? మెస్‌లో అన్నం బాగాలేకపోతే ఎవరికి చెప్పాలో, చెబితే ఎవరు తీర్చాలో తెలియని చోట ఉంటే ఆ పని ఏమిటో తెలుస్తుంది. చివరికి విద్యామంత్రి వచ్చి మాట్లాడాక గాని వాళ్లు లేవలేదు. మెస్, టీచర్ల సమస్యలకు మంత్రి స్వయంగా రావలసి వచ్చిందంటే, మధ్యలో ఉండాల్సిన యూనివర్సిటీ అక్కడ లేనట్టే.

వెళ్లిన ప్రొఫెసర్లు

మూడో దారి మనం పెద్దగా పట్టించుకోనిది. ప్రొఫెసర్లు డిప్యుటేషన్ మీద పేషీలకు, కార్పొరేషన్లకు, కమిషన్లకు వెళ్లడం.

ఇది మంచిదే కదా అని మీరు అనవచ్చు. నిజమే, చదువుకున్నవాళ్లు ప్రభుత్వానికి సలహా ఇవ్వాలి. షరతులు ఎవరు పెడతారన్నదే నా ప్రశ్న. మన దగ్గర ప్రొఫెసర్ వెళ్లినా యూనివర్సిటీలో ఆయన పోస్టు మీద లియన్ ఉంటుంది. లియన్ ఉన్నంతకాలం ఆ పోస్టు ఖాళీ కాదు, కాబట్టి అందులో పర్మనెంటుగా ఎవరినీ వేయలేరు. ఆయన తరగతులు ఎవరో గెస్ట్ లెక్చరర్ చెబుతాడు. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు ఆయన్ని కలవడానికి సచివాలయం గేటు దగ్గర పాసు తీసుకోవాలి. మంత్రి మారాక ఆయన తిరిగొస్తాడు. అప్పుడు ఆయన మామూలు ప్రొఫెసర్ కాడు. పేషీలో పరిచయాలున్న ప్రొఫెసర్. డిపార్ట్‌మెంట్‌లో హెడ్ ఆయన మాట కాదనడానికి జంకుతాడు. మిగతా కుర్రకారు దీన్నుంచి ఒక పాఠం నేర్చుకుంటుంది: లైబ్రరీ చుట్టూ తిరిగేకన్నా పేషీ చుట్టూ తిరిగితే త్వరగా పైకి పోవచ్చు. ఈ పాఠం ఏ సిలబస్‌లోనూ ఉండదు, అందరికీ వస్తుంది.

వేరే చోట్ల ఎలా చేస్తారో రెండు ఉదాహరణలు. హెన్రీ కిసింజర్ 1969లో అమెరికా అధ్యక్షుడి జాతీయ భద్రతా సలహాదారుగా వెళ్లారు. హార్వర్డ్ ఇచ్చే సెలవు రెండేళ్లు. 1971లో ఆయన హార్వర్డ్ ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. ప్రపంచాన్ని శాసిస్తున్న మనిషికి కూడా యూనివర్సిటీ నిబంధన మారలేదు. ఇంకొకటి మన దేశానిదే. అరవింద్ పనగారియా గారు 2015లో నీతి ఆయోగ్ ఉపాధ్యక్షులయ్యారు. కొలంబియా యూనివర్సిటీ నుంచి సెలవు మీద వచ్చారు. కొలంబియా సెలవు పొడిగించకపోవడంతో 2017 ఆగస్టు ఆఖరుకి నీతి ఆయోగ్ పదవి వదిలి వెళ్లిపోయారు. భారత ప్రభుత్వంలో కేబినెట్ హోదా ఒకవైపు, క్లాస్‌రూమ్ మరోవైపు. గడువు పెట్టింది క్లాస్‌రూమ్. మన యూనివర్సిటీల్లో ఏ రిజిస్ట్రారైనా ఒక ఓఎస్‌డీకి "మీ గడువు అయిపోయింది, వస్తారా, రాజీనామా చేస్తారా" అని ఉత్తరం రాయగలడా? ఆ ఉత్తరం రాయగలిగిన రోజున మన యూనివర్సిటీ బాగుపడిందని నేను నమ్ముతాను.

మన కళ్ల ముందున్న మలేషియా

మనం ఉంటున్న దేశం సంగతి కూడా చెప్పుకోవాలి. ఇక్కడ 1971 నాటి విశ్వవిద్యాలయాల చట్టం, అందరూ ఆకు అని పిలిచేది, అమలులో ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీల వీసీలను నియమించేది మంత్రి. 1974 బాలింగ్ రైతుల ఆందోళనలో విద్యార్థులు పాల్గొన్న తర్వాత, 1975లో ఈ చట్టాన్ని మరింత బిగించారు. విద్యార్థులు రాజకీయ పార్టీల దరిదాపులకు పోకూడదు. 2010లో హులు సెలంగోర్ ఉప ఎన్నిక సమయంలో ప్రచార సామగ్రితో కనిపించారని జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన నలుగురు పొలిటికల్ సైన్స్ విద్యార్థుల మీద చర్య మొదలుపెట్టారు. పొలిటికల్ సైన్స్ విద్యార్థులు ఎన్నిక చూడ్డానికి వెళ్లడం నేరం! 2011 అక్టోబరులో అప్పీల్ కోర్టు ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమంది. ఆ తర్వాత చట్టాన్ని సడలించారు. విద్యార్థికి ఇన్నేళ్లు రాజకీయం నిషిద్ధం. వీసీ కుర్చీ మాత్రం మంత్రి చేతిలోనే.

మలయా విశ్వవిద్యాలయంలో ఉంకు అజీజ్ గారు 1968 నుంచి 1988 దాకా ఇరవై ఏళ్లు వీసీగా ఉన్నారు. అదే కుర్చీలో 2006, 2008 మధ్య ముగ్గురిని చూశాం. దానికి ముందు జరిగింది మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2004లో ఒక అంతర్జాతీయ ర్యాంకింగులో ఆ యూనివర్సిటీకి 89వ స్థానం వచ్చిందని బ్యానర్లు కట్టారు. మరుసటి ఏడాది 169కి పడిపోయింది. కారణాల్లో ఒకటేమిటంటే, మొదటి ఏడాది లెక్కలో ఇక్కడ పుట్టిన చైనీయ, భారతీయ సంతతి విద్యార్థుల్ని విదేశీ విద్యార్థులుగా జమకట్టారు! మన తెలుగు పిల్లలు కూడా ఆ లెక్కలో ఉండి ఉంటారు. ఎవరో ఒకరు ముందే నిలబడి "ఈ అంకె తప్పు, బ్యానర్ కట్టకండి" అనవలసింది. పై నుంచి నియామకాలు జరిగేచోట కిందివాళ్లు పైకి చెప్పేది మంచి వార్తలే.

2018లో ప్రభుత్వం మారింది. ఆ సెప్టెంబరులో విద్యామంత్రినే అంతర్జాతీయ ఇస్లామిక్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా నియమించారు. విద్యార్థులు నిరసన తెలిపారు. ఆయన తర్వాత ఆ పదవి వదులుకున్నారు. ఎన్నికల్లో గెలిచినవాళ్లు మంచివాళ్లే అనుకుందాం. అయినా నియమించే అధికారం ఒక చేతిలోనే ఉంటే, ఆ చెయ్యి మారినా పని మారదు.

"డబ్బిచ్చేది ప్రభుత్వమే కదా?"

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. జీతాలిచ్చేది ప్రజల డబ్బుతో. ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం వీసీని నియమిస్తే తప్పేమిటి? గవర్నరు నియమిస్తే ఒప్పవుతుందా? గవర్నరు కూడా ఢిల్లీ నుంచి వచ్చిన రాజకీయ నియామకమే కదా?

ఈ ప్రశ్నలో బలముంది. యూజీసీ 2025 జనవరిలో ఒక ముసాయిదా విడుదల చేసి, సెర్చ్ కమిటీ వేసే అధికారాన్ని ఛాన్సలర్‌కు, అంటే చాలా రాష్ట్రాల్లో గవర్నరుకు, ఇవ్వాలని ప్రతిపాదించినప్పుడు అనేక రాష్ట్రాలు వ్యతిరేకించాయి. సచివాలయం పేషీ పోయి రాజ్‌భవన్ పేషీ వస్తే యూనివర్సిటీకి ఒరిగేదేమీ లేదు.

కేరళ చూడండి. కన్నూర్ విశ్వవిద్యాలయం వీసీ పునర్నియామకాన్ని 2023 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎందుకు? పునర్నియామకం చేయమని ఉన్నత విద్యామంత్రి గవర్నరుకు లేఖ రాశారు, గవర్నరు చేశారు. చట్టం గవర్నరు విచక్షణకు వదిలిన అధికారంలో ప్రభుత్వం అనవసరంగా జోక్యం చేసుకుందని కోర్టు తప్పుపట్టింది. అదే యూనివర్సిటీలో ముఖ్యమంత్రి ప్రైవేట్ సెక్రటరీ భార్య అసోసియేట్ ప్రొఫెసర్ ఎంపిక మీద పెద్ద గొడవ జరిగింది. 2022లో ఒక జడ్జి ఆమెకు అర్హత లేదన్నారు. 2023లో డివిజన్ బెంచ్ అర్హత ఉందని తేల్చింది. కాబట్టి ఆమెను తప్పుపట్టడానికి లేదు. అయినా గమనించండి, అర్హత ఉన్న మనిషి కూడా కోర్టుల్లో నిరూపించుకోవలసి వచ్చింది. సిఫార్సులతో కొలువులొస్తాయన్న నమ్మకం ఒకసారి పాతుకుపోతే, సిఫార్సు లేకుండా వచ్చినవాళ్లను కూడా జనం అనుమానిస్తారు. నిజాయితీగా చదివి పైకొచ్చినవాళ్లకు జరిగే అన్యాయం ఇది.

ప్రభుత్వం డబ్బివ్వాలి, లెక్కలు అడగాలి, లక్ష్యాలు పెట్టాలి. మనిషిని ఎంచుకోవడం మాత్రం ప్రభుత్వానికి లోబడని, అందరికీ కనిపించే పద్ధతిలో జరగాలి. హైకోర్టు జడ్జి జీతం కూడా ప్రజల డబ్బే. అంతమాత్రాన ఏ కేసులో ఏ తీర్పివ్వాలో మంత్రి చెప్పడు కదా.

మనం ఏం అడగాలి?

విమర్శ చేసి చేతులు దులుపుకోవడం మన ఫోరం పద్ధతి కాదు. ఐదు కోరికలు మీ ముందుంచుతున్నాను.

ఒకటి. వీసీ పదవీకాలం ముగియడానికి ఆరు నెలల ముందే సెర్చ్ కమిటీ పని మొదలుకావాలి. పదవి ముగిసే తేదీ మూడేళ్ల ముందే తెలుసు. అదేమీ తుఫాను కాదు, చెప్పకుండా రావడానికి.

రెండు. సెర్చ్ కమిటీ సభ్యుల పేర్లు, వాళ్లు సూచించిన ముగ్గురి పేర్లు, వాళ్ల బయోడేటాలు యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ ముగ్గురిలో ఒకరిని ఎందుకు ఎంచుకున్నారో ఒక పేజీలో రాయాలి.

మూడు. మంత్రి పేషీలో, ప్రభుత్వ సలహాదారుగా, పార్టీ పదవిలో పనిచేసినవాళ్లను ఆ పని వదిలిన మూడేళ్లదాకా వీసీ పదవికి, పాలకమండలికి పరిశీలించకూడదు. కట్టమంచి లాంటివాళ్లు మూడేళ్లు ఆగినా వన్నె తగ్గరు.

నాలుగు. డిప్యుటేషన్ రెండేళ్లు మించకూడదు. మించితే లియన్ రద్దు కావాలి, ఆ పోస్టు నోటిఫై చేయాలి. గడువు తేదీ యూనివర్సిటీ పెట్టాలి, పేషీ కాదు.

ఐదు. ఇన్‌ఛార్జి వీసీ మూడు నెలలు దాటితే, అప్పటికి యూనివర్సిటీలో ఉన్న సీనియర్ ప్రొఫెసర్‌కు పూర్తి అధికారాలతో బాధ్యత అప్పగించే నిబంధన చట్టంలో ఉండాలి. కుర్చీ ఖాళీగా ఉంచడం వల్ల ఎవరికీ లాభం లేకుండా చేస్తేనే నియామకాలు సకాలంలో జరుగుతాయి.

ఇక మనం చేయగలిగింది. పూర్వ విద్యార్థుల సంఘాల పేరుతో మనం ఏటా డబ్బు పంపుతూనే ఉన్నాం. లైబ్రరీకో, ల్యాబుకో, హాస్టల్‌కో. ఇకనుంచి ఆ చెక్కుతోపాటు ఒక ఉత్తరం కూడా పంపుదాం: మీ వీసీ ఎంపిక పత్రాలు బహిరంగంగా పెట్టారా? ఎంతమంది ప్రొఫెసర్లు డిప్యుటేషన్‌లో ఉన్నారు? ఎన్నాళ్లుగా? భారత పౌరసత్వం ఉన్నవాళ్లు ఇవే ప్రశ్నలు సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ఆ చట్టం పౌరులకే వర్తిస్తుంది కాబట్టి, ఇక్కడ పుట్టిన మిత్రులు అడగలేరు. కానీ మలేషియాలో వీసీ నియామకాల గురించి అడిగే హక్కు మీకుంది, మాకు లేదు. మీ ప్రశ్నలు మీరడగండి, మా ప్రశ్నలు మేమడుగుతాం, జవాబులు పంచుకుందాం.

మొదటి అడుగుగా, ఈ సమావేశంలో ఉన్నవాళ్లం ఎవరి యూనివర్సిటీకి వాళ్లం ఒక్కో ప్రశ్నాపత్రం పంపుదామని నా ప్రతిపాదన. తలుపు దగ్గర ఒక రిజిస్టర్ పెట్టాం. మీ పేరు, మీరు చదివిన యూనివర్సిటీ పేరు రాసి వెళ్లండి. వచ్చిన జవాబులన్నీ, జవాబు రాకపోతే ఆ సంగతీ, ఇదే న్యూస్‌లెటర్‌లో ప్రచురిస్తాం. ఈ ఏడాది ఎంటెక్ పూర్తిచేసిన పిల్లవాడి తండ్రి పరీక్షల విభాగం ముందు నిలబడి ఉన్నాడు. "సంతకం పెట్టేవాళ్లు లేరు" అన్న మాట ఆయన వినకుండా చేయడం మన చేతిలో కొంతైనా ఉంది.

భోజనాలు సిద్ధంగా ఉన్నాయి, ప్రశ్నలు అక్కడే మాట్లాడుకుందాం.